రాజవ్వ దిగిన బొంద

ఈ ఉదయం నస్పూర్‌లో మా ఇంటి ముందు నుంచి పత్తి లారీ ఒకటి పోయింది. పైన టార్పాలిన్ సరిగా కట్టలేదు. గాలికి లేచిన దూది పింజ వచ్చి కిటికీ జాలీకి అంటుకుంది. చూస్తుండగానే నా గొంతులో గరగర మొదలైంది. జిన్నింగ్ మిల్లు వదిలి ఇన్నేళ్లయినా నా గొంతు దూదిని గుర్తుపడుతుంది. ఆ మిల్లులో లాగా కాళ్ల కింద నేల అదురుతున్నట్టు అనిపించి, లేచి గోడ పట్టుకుని నిలబడ్డాను. అలాంటప్పుడు ముందుగా గుర్తొచ్చేది రాజవ్వ. బతికి ఉన్నప్పుడు ఆమె కనబడకపోతే పడిన భయమే ఇప్పుడూ కలుగుతుంది.

చెన్నూరు వైపు ఉన్న ఆ మిల్లులో నేను రెండు సీజన్లు పనిచేశాను. పత్తి నుంచి దూదిని, గింజను వేరుచేసే రోలర్లకు పత్తి అందించడం ఆడవాళ్ల పని. పన్నెండు గంటలు నిలబడాలి. దూది ఎగిరిపోతుందని కిటికీలు తెరవనిచ్చేవారు కాదు. కనురెప్పల మీద, చెవుల్లో, అన్నం గిన్నెలో అంతా దూదే. పని దిగాక గొంతు సాఫ్ కావాలని తలా ఒక బెల్లం ముక్క నమిలేవాళ్లం. గింజల గోదాం వెనక రేకుల గదుల్లో గదికి ఆరుగురం పడుకునేవాళ్లం. అందరికీ కలిపి ఒకటే పాయిఖానా, దానికి గొళ్లెం లేదు. గొళ్లెం పెట్టించమని నాలుగుసార్లు అడిగాను. “వచ్చి పది రోజులు కాలే, అప్పుడే నోరు లేసింది దీనికి” అని సూపర్‌వైజర్ అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రాజవ్వ మా వరుసలో అందరికన్నా పెద్దది. ముక్కులోకి దూది పోకుండా ఆడవాళ్లమంతా కొంగు ముఖానికి చుట్టుకునేవాళ్లం. నాకు పని కొత్త. చుట్టుకోగా మిగిలిన కొంగు వీపు మీద వేలాడుతోంది. వెనకే మిషన్ బెల్టు తిరుగుతోంది, నేను చూసుకోలేదు. బస్తాలు కోసే కత్తెరతో రాజవ్వ వచ్చి, మాటా పలుకూ లేకుండా జానెడు కొంగు కత్తిరించి కింద పడేసింది. అది క్రిస్మస్‌కు మా అవ్వ కొనిచ్చిన చీర.

“ఏందవ్వా, కొత్త చీర గిట్ల కోసినవ్!” అన్నాను.

“చీర కోస్తే కుట్టుకుంటవ్. బెల్టు గుంజితే నిన్ను ఎవలు కుడుతరే?”

“గా ముక్క పారెయ్యకు మార్తమ్మా, చేతి రుమాలయితది” అని పక్కన ఎవరో అన్నారు. వరుసంతా నవ్వింది.

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్‌కు ఫిర్యాదు చేశాను. రాజవ్వ మిషన్ల మధ్య కత్తెర పట్టుకుని తిరుగుతోందని చెప్పాను. కత్తెర నా చేతికి తగిలిందని కూడా చెప్పాను. అది అబద్ధం. మర్నాడు రాజవ్వను రోలర్ల దగ్గర నుంచి తీసి బొందలో పనికి వేశారు.

బొంద అంటే మిల్లు నేల కింద గొయ్యి. మిషన్లన్నిటినీ తిప్పే పొడవాటి ఇనుప షాఫ్టు అందులో ఉంటుంది. మిషన్లు ఆగినప్పుడు ఒకరు దిగి, షాఫ్టు చుట్టూ పేరుకున్న దూదినీ గింజలనూ ఊడ్చి ఎక్కాలి. నిలబడే ఎత్తు లేదు. అరిచినా పైకి వినపడదు. అందుకని అక్కడ ఒక అలవాటు ఉండేది. దిగే మనిషి తన చెప్పులు బొంద అంచున విడవాలి. చెప్పులు కనబడినంతసేపు మిషన్లు చూసే ఫిట్టర్ స్విచ్ వేయడు. మనిషి ప్రాణానికి ఆ చెప్పులే కాపలా.

మొదటి రోజు నాకు సంతోషంగానే ఉంది. రెండో రోజు నుంచి అన్నం సహించలేదు. మధ్యాహ్నం మిషన్లు ఆగగానే రాజవ్వ దిగేది. గిన్నె ముందు పెట్టుకుని ఆ చెప్పులనే చూస్తూ కూర్చునేదాన్ని. ఆమె తల పైకి వచ్చాకే ముద్ద నోట్లో పెట్టేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, “తప్పయింది అవ్వా, నిన్ను మల్ల పైకి తియ్యమని సూపర్‌వైజర్‌కు చెప్త” అన్నాను.

“వద్దు తల్లీ. నువ్వు ఒక్కపారి చెప్తె బొందల దింపిండు. మల్ల చెప్తె బాయిల దింపుతడు” అంది రాజవ్వ.

తర్వాతి సీజన్ మొదటి రోజు మిషన్లకు పూజ చేశారు. మిల్లు యజమాని సేటు కొబ్బరికాయ కొట్టగానే స్విచ్ వేయాలి. మా ఇంటివాళ్లం చర్చికి పోతాం, నేను పూజలో నిలబడను. అది తెలిసే సూపర్‌వైజర్ నన్ను పిలిచాడు. “నువ్వెట్లాగూ పూజకు నిలవడవు గద. సేటు వస్తుండు, గా చెప్పులన్నీ తీసి బయట పారెయ్యి. దేవుని కాడ చెప్పులేంది?”

అంతమంది ఆడవాళ్లలో చెప్పులు మోయడానికి నేనే కనబడ్డాను. ఆ కోపంతో ఏ జత ఎవరిదో చూడకుండా గంపలో వేసుకుని గేటు బయట కుమ్మరించాను. తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడి, నన్ను చూసి ఎవరెవరు నవ్వుతున్నారో లెక్క పెట్టుకుంటున్నాను. రాజవ్వ కూడా నవ్వుతోందేమోనని వెతికాను. రాజవ్వ ఎక్కడా లేదు.

సేటు కొబ్బరికాయ ఎత్తాడు. ఫిట్టర్ బొంద వైపు చూశాడు. అంచున ఏమీ లేదు. అక్కడి జతను కూడా నేనే గంపలో వేసుకుపోయానని అప్పుడు తట్టింది. అతని చేయి స్విచ్ మీదికి వెళ్లింది.

“ఆగుండ్రి! బొందల రాజవ్వ ఉన్నది!” అంటూ పూజ మధ్యలోంచి పరుగెత్తి అతని చేయి లాగేశాను. హారతి పళ్లెం కింద పడింది. “శకునం పాడుజేసినవ్ గదనే!” అని సూపర్‌వైజర్ అరిచాడు. కాసేపటికి బొందలోంచి ముందు చీపురు, తర్వాత దూదితో తెల్లబడిన తల పైకి వచ్చాయి.

“నా చెప్పులేయి?” అంది రాజవ్వ.

ఆ రోజుకు నన్ను పనిలోంచి బయటికి పంపేశారు. గేటు దగ్గరే కూర్చుని లేబర్ ఆఫీసరుకు అర్జీ రాశాను. స్విచ్చుకు తాళం ఉండాలి, బొందలోకి దిగే మనిషి దగ్గరే తాళంచెవి ఉండాలి అని అడిగాను. సేటు, సూపర్‌వైజర్, ఫిట్టర్, ముగ్గురి తప్పులూ వరుసగా రాశాను. సాయంత్రం రాజవ్వను వేలిముద్ర వేయమని అడిగితే, మొదట చదివి వినిపించమంది.

విన్నాక, “అందరి పేర్లు ఉన్నయి. నీ పేరేది?” అంది.

“నా పేరెందుకు? నేను నిన్ను కాపాడిన గద.”

“కాపాడినవ్, కాదంటలే. అబద్ధం చెప్పి నన్ను బొందల దింపిచ్చింది ఎవలు? చెప్పులు తీసింది ఎవలు? గది మొదలు రాయి. అప్పుడు ఏలు పెడ్త.”

నా కత్తెర అబద్ధం ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఏడాది పాటు ఒక్క మాట అనలేదు. నేనైతే ఊరంతా చెప్పి ఉండేదాన్ని. రెండు రోజులు ఆమె మీద అలిగాను. మూడో రోజు కొత్త కాగితం తీసి నా తప్పుతో మొదలుపెట్టాను. రాజవ్వ వేలిముద్ర వేసింది. ఆమెను చూసి వరుసంతా వేసింది.

ఆఫీసరు వచ్చాడు, తాళం వచ్చింది. మరుసటి సీజన్‌కు నన్ను పనిలోకి పిలవలేదు. రాజవ్వ ఆ తాళంచెవి నడుముకు దోపుకుని ఇంకా చాలా ఏళ్లు బొందలోకి దిగింది. చివరికి దగ్గుతో పోయింది. దూదికి ఏ తాళమూ వేయలేకపోయాం.

ఆ తర్వాత నేను రాసిన అర్జీలకు లెక్క లేదు. కలెక్టరాఫీసులో గుమాస్తాలు నన్ను చూడగానే ముఖం తిప్పుకుంటారు. ఎవరెవరు తిప్పుకున్నారో నాకు గుర్తుంటుంది. సోమవారం ఇవ్వాల్సిన అర్జీ ఇప్పుడు కూడా బల్ల మీదే ఉంది. మా వీధి మురికి కాలువ పొంగి ఇళ్లలోకి వస్తోందని, మున్సిపాలిటీ మీద. నా మాటతోనే నన్ను పట్టుకుంటారేమోనని అనిపించినా, మొదటి వాక్యం మాత్రం రాశాను. ‘ఆ కాలువలో చెత్త వేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.’