నీలా థోథా, నీలి చిలుక

నా చిన్నప్పుడు ఒక్క సరుకుకు ఇన్ని పేర్లెందుకని నాకు ఒళ్ళు మండేది. సైన్సు పుస్తకంలో తామ్ర గంధకితం. మా తాతయ్య నోట మైలుతుత్తం. పక్కింటి అక్కేమో షాపుల్లో నీలా థోథా అంటారని చెప్పింది. అన్నీ ఆ కాపర్ సల్ఫేట్ నీలం పలుకులే.

తాతయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి సరూర్‌నగర్ దగ్గర ద్రాక్షతోట కౌలుకు తీసుకున్నాడు. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే తోటలే. ఆ ఏడు ముసురుకు ఆకుల కింద తెల్లటి బూజు పట్టింది. మైలుతుత్తం, సున్నం నీళ్ళలో కలిపి ఆ సాయంత్రానికల్లా చల్లకపోతే తోట దక్కదన్నాడు. తోట పోతే మేం ఊరికి తిరిగి వెళ్ళాల్సిందే. తాను పని వదిలి కదల్లేక నన్ను పంపాడు.

1969 తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్ వల్ల ఆ చుట్టుపక్కల ఒక్క దుకాణమే, అదీ ఒక రెక్క తలుపే తెరిచి ఉంది. మైలుతుత్తం అంటే ఆంధ్రా పిల్లనని తెలిసిపోతుందని నా భయం. అందుకే అక్క చెప్పిన పేరు ఎత్తుకున్నాను. నోరు తిరగక థోథా కాస్తా తోతా అయింది. ఉర్దూలో తోతా అంటే చిలుక అని నాకేం తెలుసు.

"నా దగ్గర నీలి చిలుకలు దొర్కయ్ బిడ్డా," అన్నాడు దుకాణం పెద్దాయన. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఉక్రోషంతో వెనక్కి పరుగెత్తాను. సరుకు లేదన్నాడని తాతయ్యకు అబద్ధం చెప్పాను.

ఆ రాత్రంతా వాన. పొద్దున్నే అక్కకు నిజం చెప్పేశాను. ఆమె నవ్వలేదు. చెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళి, "మీ తాత ఎట్లంటడో గట్లనే అడుగు," అంది. గొణుగుతూ అడిగాను.

"మైలుతుత్తమా? మా ఊర్ల గూడ గదే అంటం. నిన్ననే చెప్పరాదు?" అంటూ ఆయన పొట్లం కట్టాడు.

నేను భయపడి దాచిన మాటే ఆయనదీనట. చెంపలు వాయించుకోవాలనిపించింది. అప్పటికే బూజు గుత్తులకు పాకింది. తాతయ్య రోజంతా చల్లినా సగం తోటే దక్కింది. కౌలు నిలబెట్టుకోవడానికి ఆయన ఎంత అవస్థ పడ్డాడో నాకు తెలుసు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఏ షాపుకు వెళ్ళినా మా ఇంటి మాటతోనే అడుగుతాను. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను, నవ్వితే నవ్వనీ అనుకుంటాను. అయినా ఒకటి మాత్రం ఈనాటికీ మింగుడుపడదు. నేను నిజం చెప్పకపోవడంతో, ఆ రోజు దుకాణంలో సరుకు లేకనే సగం తోట పోయిందని తాతయ్య చివరిదాకా నమ్మాడు.