డాంటింగ్ అంటే

బందరు నుంచి అవనిగడ్డ వెళ్లే బస్సులో, పిల్లల ఇంగ్లిషు పేపర్లు ఒళ్లో పెట్టుకుని దిద్దుకుంటున్నాను. ఖాళీ చేపల బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కన కూర్చున్న ఆవిడ చాలాసేపు వాటివంక చూసి అడిగింది.

"టీచరు గారూ, డాంటింగ్ అంటే వద్దనేగా అండీ?"

"ఎక్కడ విన్నారమ్మా?"

"పెద్దాసుపత్రిలోనండీ. మా ఆయన్ని చూసి, ఆపరేషన్ డాంటింగ్ అని డాక్టరు గారు పక్కనున్న ఇంకో డాక్టరుతో అన్నారు. డోంట్ అంటే వద్దని మాకూ తెలుసు కదండీ. మా మరిదీ అదే అన్నాడు. ఎవర్నీ అడక్కుండా మర్నాడే మా ఊరు పాలకాయతిప్ప తీసుకొచ్చేశాం."

బుట్ట దగ్గరికి లాక్కుని, "నెల తిరక్కుండానే పోయాడండీ" అంది.

తప్పు కనిపిస్తే గీత కొట్టకుండా ఉండలేని దాన్ని. పెన్నుకి మూత పెట్టేశాను.

"వద్దనేనమ్మా" అన్నాను.

"అదేనండీ, మా అత్తకీ అదే చెప్పాను" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

డాంటింగ్ అన్న మాట పాఠంలో ఇప్పటికీ వస్తుంది. చూడగానే భయం పుట్టించేంత కష్టమైనది, అని బోర్డు మీద రాస్తాను. చేయకూడనిది అని కాదు, అని చెప్పాల్సిన చోట ప్రతిసారీ ఆగిపోతాను.