జీపు తలుపు మీద చప్పుడు

పొద్దున్నుంచీ గైడుగా ఆమె యాత్రికులను వీధుల్లో తినుబండారాల బండ్ల చుట్టూ తిప్పింది. చీకటి పడ్డాక వాళ్లనే జీపెక్కించి అడవి జంతువులను చూపించాలి. రెండు పనులకూ జీతం ఒక్కటే. ఇంకొక్క ఫిర్యాదు వస్తే అదీ ఉండదని యజమాని ముందే చెప్పాడు.

జీపెక్కే ముందు అందరి చేతులూ నిమ్మచెక్కతో కడిగించింది. తిండి వాసనకు జంతువులు రోడ్డు మీదికొస్తాయి.

"ఏంటమ్మా, మళ్లీ భోజనమా?" అని వాళ్లు నవ్వారు.

అడవి దారి మలుపులో టార్చి వెలుగుకు రెండు కళ్లు మెరిశాయి. పునుగుపిల్లి పారిపోకుండా జీపు దగ్గరికే వచ్చింది. ఒకావిడ సంచిలోంచి వేయించిన చేపముక్క తీసింది.

"వద్దమ్మా!"

"పాపం, ఆకలేమో."

"ఆకలి కాదు, అలవాటు. ఇలా వచ్చి వచ్చే మొన్నొకటి లారీ కింద పడింది."

ఆవిడ చేయి వెనక్కి తీసుకోలేదు. ఫోన్లన్నీ పైకి లేచాయి. గైడు జీపు తలుపును అరచేత్తో దబదబా బాదింది. పునుగుపిల్లి పొదల్లోకి దూకింది.

"ఇందుకా డబ్బు కట్టింది? ఫిర్యాదు చేస్తాం!" అన్నారు వెనకనుంచి.

"నోటికాడి కూడు నువ్వే తన్నేసుకున్నావు పిల్లా," అన్నాడు డ్రైవరు మెల్లగా.

"రేపు నిద్రన్నా పోతాను. పోనీ బాబాయ్ బండి," అంటూ ఆమె సీటుకు తల ఆనించింది.