గోరు మేస్త్రి చూసిన మూడు గీతలు

గోరు మేస్త్రి విదేశీ ప్రయాణం గురించి షెడ్ల వీధిలో నాలుగు కథలు తిరుగుతున్నాయి. స్కూటర్లు అద్దెకిచ్చే ఆవిడను ఆయన గుక్క తిప్పుకోనివ్వకుండా కడిగిపారేశాడని టైర్ల కొట్టువాళ్లు అంటారు. పోలీసులను పిలిపించి పాస్‌పోర్టు విడిపించాడని బ్యాటరీల కొట్టాయన ఒట్టేసి మరీ చెబుతాడు. పైసా విదల్చకుండా బయటపడ్డాడని బంధువులు మురిసిపోతారు. అసలు వ్యవహారం నడిపినదంతా అల్లుడేననీ, మేస్త్రి ఊరికే పక్కన నిలబడ్డాడనీ అల్లుడి వైపువాళ్లు గొప్పలు పోతారు. నాలుగూ తప్పే. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు ఆ అల్లుడే. కొంతకాలం విని ఊరుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఎవరు ఆ మాట ఎత్తినా ఆపి సరిదిద్దుతున్నాడు.

మేస్త్రి ముప్పై నాలుగేళ్లుగా దెబ్బతిన్న బండ్లకు సొట్టలు తీసి రంగులు వేస్తున్నాడు. గీత పడినచోట ముందు బొటనవేలి గోరు ఆనిస్తాడు. గోరు తట్టుకుంటే దెబ్బ లోతుకు దిగినట్టు, జారిపోతే పైపూతతో పోయినట్టు. ఆ పేరు అలా వచ్చింది. అల్లుడిది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. మామగారంటే గౌరవమే కానీ, ఆయన విద్య మీద అతనికి పెద్ద గురి లేదు. కూతురు పట్టుబట్టి తండ్రిని కూడా సముద్రం మధ్య దీవికి బయలుదేరదీసినప్పుడు, ఈ పెద్దాయనను మోసగాళ్ల నుంచి కాపాడే భారం తన నెత్తిన పడిందనే అతను అనుకున్నాడు. పర్యాటకులను ఎన్ని విధాలుగా ముంచుతారో వెతికి, పద్దెనిమిది రకాలు ఫోనులో రాసిపెట్టుకున్నాడు.

ప్రయాణానికి ముందురోజు మేస్త్రి అల్లుడి పెట్టె తెరిపించాడు. పైనే మూడు జీన్స్ ప్యాంట్లు, తోలు బూట్లు, దళసరి కోటు ఉన్నాయి.

“అల్లుడుగారూ, మనం వెళ్లేది ఉక్కపోసే చోటికే కదా?”

“అవును మావయ్యగారూ.”

“మరి ఈ ప్యాంటు తడిస్తే ఎప్పటికి ఆరుతుందంటారు?”

“ఎండ ఉంటుంది కదండీ.”

“ఎండ ఒక్కటే ఉంటే చాలదండీ. గాలే తడిగా ఉంటే ఏదీ ఆరదు. ముసురు పట్టిన రోజున నేను రంగు డబ్బా మూత తీయను. తీసి కొడితే, పాలు ఒలికినట్టు తెల్లగా పొర కడుతుంది.”

“నాన్నా, ఆయనకి రంగు వేయట్లేదు. బట్టలు సర్దుతున్నాం, అంతే,” అంది కూతురు నవ్వు ఆపుకుంటూ.

మేస్త్రి నవ్వలేదు. కోటు, బూట్లు బయట పెట్టించాడు. పల్చటి నూలు చొక్కాలు, రబ్బరు చెప్పులు, గొడుగు, దోమల మందు, బట్టలు ఆరేసుకోవడానికి సన్నతాడు పెట్టించాడు. మాత్రలను డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో వేయించాడు. ముగ్గురి పాస్‌పోర్టుల నకళ్లు మూడు సంచుల్లోనూ ఉండాలన్నాడు. ఒకరి సంచి పోతే రెండోది అక్కరకొస్తుందని ఆయన లెక్క. జీన్స్ దగ్గర మాత్రం అల్లుడు మొండికేశాడు. అల్లుడు కదా అని మేస్త్రి వదిలేశాడు. దీవికి చేరిన రెండోరోజే మూడు ప్యాంట్లూ చెమటకు, వానకు తడిసి కంపు కొట్టాయి. మిగతా రోజులన్నీ అతను మామగారి లుంగీలు కట్టుకుని తిరిగాడు. కూతురు మాత్రం ఫొటోలు తీస్తూనే ఉంది.

అల్లుడి జాబితా కూడా దారి పొడుగునా పనిచేస్తూనే ఉంది. మొదటిరోజు ఒక ముసలాయన ఎదురై, మ్యూజియం ఇవాళ మూసేశారని చెప్పాడు. అది తన జాబితాలో ఆరో రకం మోసమని అల్లుడు ఆయన ముఖం కూడా చూడకుండా మిగతా ఇద్దరినీ ముందుకు నడిపించాడు. మండుటెండలో అరగంట నడిచి వెళ్తే గేటుకు తాళం వేసి ఉంది.

“పోనీలెండి, తాళం చూశాం,” అన్నాడు మేస్త్రి.

ఆ మర్నాడు అల్లుడు స్కూటరు అద్దెకు తీసుకున్నాడు. హామీగా పాస్‌పోర్టు ఇవ్వొద్దని, రొక్కం పెడదామని మేస్త్రి చెప్పాడు. ఇక్కడి పద్ధతి ఇదేనంటూ అల్లుడు పాస్‌పోర్టే ఇచ్చాడు. తీసుకున్నప్పుడు బండి ఎలా ఉందో రుజువుగా ముప్పై ఫొటోలు తీశానని ధైర్యంగా చెప్పాడు. మూడు రోజులు తిరిగారు. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే బండి అప్పగించడానికి ముగ్గురూ వెళ్లారు. మధ్యాహ్నం రెండింటికి విమానం.

కొట్టు యజమానురాలు యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి మూడు చోట్ల వేలు పెట్టింది. ముందు మడ్‌గార్డు మీద గీత, కాళ్లు పెట్టుకునే చోట గీతలాంటి పగులు, వెనక ఎడమవైపు మరో గీత. మూడు భాగాలూ కొత్తవి వేయాలంటూ చీటీ మీద ఖరీదు రాసింది. ఆ మొత్తం కట్టేదాకా పాస్‌పోర్టు సొరుగులోనే ఉంటుందని వచ్చీరాని ఇంగ్లీషులో తేల్చి చెప్పింది.

“ఇదే మావయ్యగారూ, నాలుగో రకం! నేను చెప్పలేదూ?” అంటూ అల్లుడు ఫోను తీశాడు. “పోలీసులకు చేస్తాను. నా దగ్గర ఫొటోలున్నాయి.”

మేస్త్రి ఫోను అందుకుని ఫొటోలన్నీ ఓపిగ్గా తిప్పి చూశాడు.

“వీటిలో మీ ఇద్దరి నవ్వులున్నాయండీ. బండేదీ?”

కూతురు తల పట్టుకుంది. మేస్త్రి కొట్టావిడను తడిగుడ్డ అడిగి తీసుకుని బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. మొదటి గీత తుడిచి గోరు ఆనించాడు. గీత అడుగున తెల్లటి పాలిష్ ఎండి ఉంది. గీత పడ్డాకే ఎవరో పాలిష్ పట్టారు. ఈ మూడు రోజుల్లో తాము పట్టలేదు. పగులు అంచులు అరిగి నునుపుదేరాయి. లోపల మట్టి గట్టిపడి ఉంది. అదీ పాతదే. అల్లుడు ఒక్కోటీ ఇంగ్లీషులోకి మార్చి, గొంతు పెంచి మరీ ఆవిడకు చెప్పాడు. ఆవిడ వంగి చూసింది, కాదనలేదు.

మేస్త్రి మూడో గీత దగ్గరికి జరిగాడు. అది అల్లుడి పనే. బండి తీసుకున్న రెండోరోజు సాయంత్రం బస వెనక సందులో దాన్ని తిప్పుతూ గోడకు గీరించాడు. ఉమ్మితో తుడిచి, ఎవరికీ చెప్పకుండా దాచేశాడు.

గోరు తట్టుకుంది. అంచు ఇంకా పదునుగా లేచి ఉంది. అడుగున బూడిదరంగు పొడి. మేస్త్రి ఆ పొడిని వేలికి అద్దుకుని చూసి, తల ఎత్తకుండా తెలుగులో నెమ్మదిగా అన్నాడు.

“ఇది కొత్తదండీ. సిమెంటు గోడ.”

“మావయ్యగారూ...” అల్లుడు ఇంకా కిందికి వంగాడు. “రెండూ ఒప్పుకుంది కదా. మూడోది కూడా పాతదే అంటే అయిపోతుంది. ఇప్పుడు మనదంటే మొత్తం మన మెడకే చుడుతుంది. విమానం పోతుందండీ.”

“పోవచ్చు.”

“మరి?”

“నేను గీత చూసి చెప్పే మాట మీదే నా షెడ్డు నడుస్తోంది. ఆవిడ నన్ను నమ్మి రెండు వదులుకుంది. ఆ నమ్మకంతోనే మూడోది ఎగ్గొట్టమంటే నావల్ల కాదు.” మేస్త్రి లేచి గుడ్డ పిండాడు. “చెప్పాల్సింది మీరే. నేను చెప్పను.”

ఆయన వేలు పెట్టి చూపించి, తల ఊపితే ఆవిడకు అర్థమయ్యేది. కూతురి వైపు ఒక్క చూపు చూస్తే ఆమెకూ అర్థమయ్యేది. ఆయన ఆ రెండూ చేయలేదు. గుడ్డ బండి మీద ఆరేసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

అల్లుడు గడియారం చూశాడు, సొరుగు వైపు చూశాడు. ఆ తర్వాత ఆవిడతో, “మొదటి రెండూ మావి కావు. మూడోది నేనే చేశాను. గోడకు తగిలింది,” అన్నాడు.

“ఎప్పుడు?” అంది భార్య. “అంటే ఆ రోజు బండి కడుగుతున్నానని గంటసేపు మాయమైంది ఇందుకా!”

కొట్టావిడ కళ్లజోడు దించి పెట్టుకుంది. వంగి తన గోటితోనూ గీత తడిమింది. అల్లుడి ముఖం వైపు, వీపు తిప్పి నిలబడ్డ పెద్దాయన వైపు చూసింది. చీటీ మీద రాసిన మూడింటిలో రెండు కొట్టేసి, సొరుగు తీసి పాస్‌పోర్టు బల్ల మీద పెట్టింది.

“బండి రోజుకొకరి చేతిలో ఉంటుంది. ఏది ఎవరిదో నాకూ తెలియదు,” అంది.

అది నిజమో, మాట కప్పుకోవడమో చెప్పడానికి ఆధారం లేదు. ఆవిడ మోసగత్తె అని తేల్చడానికీ లేదు, కాదని తేల్చడానికీ లేదు. అల్లుడు ఆ ఒక్క భాగం ఖరీదు కట్టాడు. టాక్సీలో భార్య ఆపకుండా సాధించింది. మేస్త్రి కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. విమానాశ్రయంలో వరసలో నిలబడ్డాక అల్లుడు ఆయన సంచి తన భుజానికి వేసుకుని, “మావయ్యగారూ, నాచేతే చెప్పించారు. దానికి మీకు రుణపడ్డాను,” అన్నాడు.

“ముందు టిక్కెట్లు తీయండి. మన వంతొచ్చింది,” అన్నాడు మేస్త్రి.

ఆయన ఎవరినీ కడిగిపారేయలేదు. పోలీసులను పిలవలేదు, ఖర్చు తప్పించుకోలేదు, ఊరికే పక్కనా నిలబడలేదు. మూడు గీతల్లో రెండు తమవి కావన్నాడు, ఒకటి తమదేనన్నాడు. ఆ ఒక్కటీ ఒప్పుకునే పని, అది చేసినవాడికే వదిలాడు.