నైవేద్యపు నెయ్యి

మా బావగారు, అంటే అక్క భర్త, బాపట్ల దగ్గర ఓ పల్లెలో రామాలయానికి వంట చేసేవారు. ఎనభైల చివరి సంగతి. నేనప్పుడు తెనాలిలో ఒక దినపత్రికకు విలేకరిని. సెలవు దొరికితే పాసింజరెక్కి బాపట్లలో దిగి, అక్కడి నుంచి బస్సులో అక్క ఇంటికి వెళ్లేవాణ్ని.

దేవుడి వంటకు ఒక నియమం ఉంది. నైవేద్యం పెట్టకముందు వండినవాడు రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. బావగారు ముక్కూ నోరూ కప్పేలా మడిగుడ్డ కట్టుకుని పొయ్యి ముందు కూర్చునేవారు. ఉప్పు సరిపోయిందో లేదో ఆయనకూ అందరితోపాటు ప్రసాదం తిన్నాకే తెలిసేది.

ఆ ఏడు గుడి కమిటీకి కొత్త ఛైర్మన్ వచ్చాడు. ఊళ్లో కిరాణాకొట్టు ఉన్న మనిషి. గుడికి నెయ్యి ఇకనుంచి తన కొట్టు నుంచే వస్తుందన్నాడు. మొదటి డబ్బా మూత తీసినప్పుడు బావగారు ఇంకా గుడ్డ కట్టుకోలేదు. గుప్పున వాసన కొట్టింది. నెయ్యి పేరుకే, ఉన్నదంతా వనస్పతి.

కొన్నాళ్లు ఓర్చుకుని, ఆ మాట ఛైర్మన్‌కి ఒంటరిగా చెప్పారు. జవాబుగా, ఆదివారం కమిటీ ముందుకు రమ్మని కబురొచ్చింది.

ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. దారిలో చెప్పాను.

"వాసన మాట ఎత్తకండి బావగారూ. ప్రసాదం తిన్నాక తెలిసిందనండి. అదీ నిజమేగా."

"నిజమేనోయ్. కానీ ముందు తెలిసింది మూత తీసినప్పుడు. అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పే విద్య మీ పేపరువాళ్లది, నాకు రాదు."

మంటపంలో అందరూ కూర్చున్నాక ఛైర్మన్ మెల్లగా అడిగాడు.

"నెయ్యి బాగాలేదని మీకెలా తెలిసిందండి పంతులుగారూ?"

"మూత తీస్తే వాసన వచ్చిందండి."

"అదే వచ్చిందా, మీరే చూశారా?"

బావగారు తల వంచుకునే చెప్పారు. "మొదటి డబ్బాకి అదే వచ్చిందండి. పొరబాటేమోనని రెండో డబ్బాకి కావాలనే చూశాను."

"విన్నారుగా! రాములవారికి పెట్టాల్సిన నెయ్యి ముందు ఈయన ముక్కుకి పెట్టుకున్నాడు. పైగా కల్తీ నాదంట!"

"అపచారం, అపచారం" అన్నాడో పెద్దాయన.

నేను లేచాను. "ప్రసాదం నేనూ తిన్నానండి. అందులో నెయ్యి రుచే లేదు."

"మీరాయనకి బావమరిదే కదండీ! మీరు ఇంకేం చెప్తారు?" అందరూ నవ్వారు.

డబ్బా పక్కగదిలోనే ఉంది, తెప్పించి చూడమన్నాను. నైవేద్యం నెయ్యి మీటింగులో మూత తీస్తారా అని కసిరారు. ఏ నియమాన్ని బావగారు అన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చారో, అదే ఆ డబ్బాకి కాపలా కాసింది.

మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆ రోజు వంట మాత్రం చేసి వెళ్లాలట. బావగారు గుడ్డ కట్టుకుని, ఆ నెయ్యే కరిగించి చక్కెరపొంగలి చేశారు. ఎందుకు చేశారని తర్వాత అడిగాను.

"స్వామిని పస్తు పెట్టమంటావా? ఆ నెయ్యి ఎవరు తెచ్చారో ఆయనకి తెలీదా?"

ఇంట్లో అక్క అడిగింది. "రేపటి నుంచి మన గతేంటండీ?"

"ఆయన చూస్తాడు."

"మీరు చూసినందుకే ఇంత అయింది. ఇంక ఆయన కూడా చూడాలా?"

అంటూనే ఏడ్చింది. నేను తెనాలి వెళ్లి రాసిన వార్తను, రుజువు లేదని మా ఆఫీసువాళ్లు పక్కన పెట్టేశారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

అక్కా బావగారూ రేపల్లె చేరారు. బావగారు ఒక హోటల్లో టిఫిన్లు చేసేవారు. తొంభైల్లో ఆ ఛైర్మన్ మళ్లీ ఎన్నికయ్యాడు. వచ్చిన కబురును నేనే నాలుగు లైన్లలో వార్తగా రాయాల్సి వచ్చింది. తర్వాత రేపల్లె వెళ్తే, చదివానన్నారు బావగారు.

"జరిగింది రాశావు. అంతేగా. సాయంత్రం గుడికెళ్తున్నా, వస్తావా?"

నాకు వెళ్లాలని లేదు. అయినా వెళ్లాను. ఆయన చేతులు జోడించి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.