పదకొండు స్లాబుల ముహూర్తం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: రంగురంగుల పట్టీలు గీసిన ఎక్సెల్ షీటు చేతిలో ఉంటే చాలు, ఏ పనైనా దాని పాటికి అదే జరిగిపోతుందని. ఆ రోజులంటే మరీ పాత రోజులనుకునేరు, ఆరేళ్ళ కిందటి మాటే. ముప్ఫై రెండేళ్ళ మనిషిని పట్టుకుని కుర్రతనం అనకూడదు గానీ, ఉద్యోగం లెక్కన నేనప్పుడు పసికందునే. సివిల్ డిప్లొమా చేసి, తాడేపల్లిగూడెంలో ఒక కాంట్రాక్టరు దగ్గర రెండేళ్ళు పనిచేశానో లేదో, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, వాళ్ళ జ్వరాలు, వాళ్ళ ట్యూషన్లు... తిరిగి చూసుకునేసరికి తొమ్మిదేళ్ళు ఎగిరిపోయాయి. అలాంటి నన్ను ఏలూరులో ఒక చిన్న నిర్మాణ సంస్థ ధైర్యం చేసి ప్రాజెక్టు మేనేజరుగా తీసుకుంది. (ధైర్యం వాళ్ళదే, నాది కాదు.) మా బాసు నడుముకి కొలతల టేపు లేకుండా ఎవరికీ కనపడలేదు కాబట్టి చాటుగా అందరం టేపుగారు అనేవాళ్ళం. చేరిన రోజే ఆయన మెత్తగా చెప్పేశారు: “మూడు నెలలు చూద్దామమ్మా. కుదిరితే సంతోషం. కుదరకపోతే మాత్రం ఏమీ అనుకోకండేం.”

నాకిచ్చిన పని కలిదిండి అవతల చేపల చెరువుల మధ్య ఒక రైతుగారి ఐసు ప్లాంటు. వానలు మొదలైతే ఆ చెరువు గట్టు మీద లారీ కాదు కదా, సైకిలు కూడా కదలదు. కాబట్టి వానలకి ముందే స్లాబు పడాలి, పడితే నా ఉద్యోగం నిలబడుతుంది. నేను షీటులో స్లాబుని ఒక మంగళవారం నాడు పెట్టి, దానికి ఆకుపచ్చ రంగు వేసి, మురిసిపోయి మేస్త్రిగారికి చూపించాను. ఆయన షీటు వంక కాకుండా నా వంక జాలిగా చూశాడు. “మంగళవారం స్లాబాండీ? రైతుగారు మనల్ని చెరువులోకి తోసేస్తారండి. మీ మామగారు పంతులుగారంట కదండీ, ఒక మంచి రోజు అడిగి రండి మేడమ్‌గారూ!” నిజమే. ఇంట్లో అంత పురోహితుణ్ణి పెట్టుకుని ఈ సంగతి నాకెందుకు తట్టలేదా అని నెత్తిన మొట్టుకున్నాను.

మామగారు పంచాంగం తిరగేసి, వేళ్ళు లెక్కపెట్టి, “గురువారం, పొద్దున్న తొమ్మిదీ పన్నెండు నిమిషాలకి. దివ్యంగా ఉందమ్మాయ్! అది దాటితే మూఢం, నెల దాటేదాకా ఇంక ముహూర్తాలేమీ లేవు,” అన్నారు. ఆకుపచ్చ పట్టీని గురువారానికి జరిపాను. రైతుగారు చుట్టాలని పిలుచుకున్నారు, భోజనాలకి పురమాయించుకున్నారు. టేపుగారు స్వయంగా వస్తానన్నారు. ఇక కాంక్రీటు కలిపే మిల్లరు ఒక్కటే మిగిలిందని సోమవారం తీరుబడిగా ఫోను చేశాను. “గురువారమాండీ? నా నాలుగు మిల్లర్లూ పది రోజుల కిందటే బుక్కయిపోయాయండి,” అన్నాడాయన. రెండో ఆయనా అదే మాట, మూడో ఆయనా అదే మాట. నాలుగో ఆయన పాపం ఇంకొంచెం వివరంగా చెప్పాడు: “ఆ రోజు పెద్ద ముహూర్తమండీ. ఏలూరు పంతులుగారొకాయన ఊరూరా పెట్టేశారంట. మిల్లరూ లేదు, మనుషులూ లేరండి.”

ఏలూరు పంతులుగారొకాయన! ఫోను పెట్టేసి నేరుగా వీధి అరుగు మీదికి వెళ్ళాను. “మామయ్యగారూ, ఆ గురువారం ఇంకెవరికైనా ఇచ్చారా?” “అడిగినవాళ్ళందరికీ ఇచ్చాను. మనదాంతో కలిపి పదకొండు.” “అయ్యో, అందరికీ ఒకటే రోజా అండీ?” ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. “మంచి ముహూర్తం ఒకళ్ళకిచ్చి, మిగతావాళ్ళకి చెడ్డది పెట్టమంటావా ఏమిటి?” నేను అక్కడే చతికిలబడి, పిల్లలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాను. తొమ్మిదేళ్ళ తర్వాత దొరికిన ఉద్యోగమండీ మరి!

మామగారు గాభరా పడిపోయి తన పుస్తకం తెచ్చారు. పదకొండు పేర్లూ, ఊళ్ళూ, ఎవరిది ఎంత స్లాబో కూడా రాసుకున్నారు. (ఎంత స్లాబో పంతులుగారికెందుకంటారా? భోజనం ఎక్కడ ముందు పెడతారో తెలియడానికట.) వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తూ, “ముదినేపల్లి మాస్టారిది రెండు గదులే. పన్నెండుకల్లా అయిపోతుంది,” అని వెంటనే ఫోను తీశారు. “మాస్టారూ, మీ స్లాబు అవగానే ఆ మిల్లరూ, ఆ కూలీల ముఠా కలిదిండి రావాలండి. మా కోడలు మేనేజరండి, ఐసు ప్లాంటు ఆవిడే కట్టిస్తోంది.” ఎంత గర్వంగా అన్నారో! ఫోను పెట్టి నాతో మెల్లిగా అన్నారు: “ముహూర్తానికి ఒక తట్ట పడితే చాలమ్మాయ్. మిగతాది సాయంత్రం వరకూ పోసుకోవచ్చు. పిచ్చిపిల్లా, దీనికా ఏడ్చావు?”

గురువారం సరిగ్గా తొమ్మిదీ పన్నెండుకి మేస్త్రిగారు పారతో కలిపిన ఒక్క తట్ట కాంక్రీటుని రైతుగారి దంపతులు ఈశాన్య మూల వేశారు. (ఎండిపోయిందని తర్వాత దాన్ని చెక్కించేశాం. మామగారికి ఇప్పటికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.) కొబ్బరికాయ కొట్టగానే టేపుగారు చుట్టూ చూసి, “మిల్లరేదమ్మా?” అన్నారు. “ముదినేపల్లిలో ఉందండి. ఒంటిగంటకి వస్తుంది.” ఇక ఆయన టేపు లాగడం, వదలడం, మళ్ళీ లాగడం. ఒంటిగంటైంది. కొల్లేటి వైపు మబ్బు పట్టింది. చుట్టాలు భోంచేసి చేతులు కడుక్కుంటున్నారు. ఒంటిగంటన్నరకి నేను రాజీనామాలో మొదటి వాక్యం ఆలోచిస్తున్నాను, ఒట్టు.

అంతలో గట్టు మీద ట్రాక్టరు. వెనక మిల్లరు, దాని వెనక ఆటోల్లో ముఠా. ట్రాక్టరు మడ్‌గార్డు మీద పట్టుపంచె మోకాళ్ళదాకా ఎగగట్టి, ఒంటినిండా దుమ్ముతో మా మామగారు! పరుగెత్తుకెళ్ళాను. “మీరెందుకొచ్చారు మామయ్యగారూ, ఈ ఎండలో?” “దారిలో ఇంకొకళ్ళెవరైనా పట్టుకుపోతారేమోనని కూర్చున్నానమ్మాయ్. ఇద్దరు ఆపారు కూడానూ,” అన్నారు, నడుం పట్టుకుని దిగుతూ. డెబ్భై ఏళ్ళ మనిషి, నాలుగు ఇళ్ళలో వేడి భోజనం వదులుకుని, నా కోసం మిల్లరుకి కాపలా కాశారు. దణ్ణం పెడదామని వంగితే, “ముందు స్లాబు చూడు,” అని కసిరారు. పొద్దు వాలేలోగా స్లాబు అయిపోయింది. వాన ఆ మర్నాడు వచ్చింది. తప్పు నాదేనని, మిల్లరు తెచ్చింది మామగారేనని టేపుగారికి దాచకుండా చెప్పేశాను. ఆయన టేపు జేబులో పెట్టేసి, “మూడు నెలలు అక్కర్లేదులెండమ్మా,” అన్నారు. “తప్పు ఒప్పుకునే మేనేజరు దొరకడమే కష్టం. మిల్లర్లదేముంది!”

ఇప్పుడు నా చేతి కింద నాలుగు సైట్లు నడుస్తున్నాయి. షీటు చూసి మురిసిపోయిన ఆ వెర్రిబాగులదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. మామగారు ఊళ్ళు తిరగడం తగ్గించేశారు. అరుగు మీదే కూర్చుని ముహూర్తాలు పెడుతున్నారు. మొన్న నల్లజర్ల నుంచి ఒకాయన శంకుస్థాపనకి రోజు పెట్టమని వచ్చారు. పంచాంగం తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, వేళ్ళు లెక్కపెట్టి, మామగారు ఆయనతో అన్న మాట వంటింట్లో ఉన్న నాకు స్పష్టంగా వినిపించింది:

“శుక్రవారం బ్రహ్మాండంగా ఉందండి. ఒక్క క్షణం కూర్చోండి, మా కోడలు కుదురుతుందంటుందో లేదో కనుక్కుని చెప్తాను.”