స్క్విడ్డుకు ఇసుకే గొంగడి

రాష్ట్రం విడిపోయినంక మా బడిలో మొదటి సైన్స్ ప్రదర్శన ఈ రోజు. నేను సైన్స్ చెప్పే తొమ్మిదో తరగతి అంకమ్మ చార్టు మీద రెండు బొమ్మలు గీసింది. ఒకటి కంభం చెరువు జమ్ములో పాడే చిన్న పిట్ట. రెండోది నా ఫోన్లో చూసిన బొటనవేలంత స్క్విడ్. ఆ సముద్రపు జీవి పగలంతా ఇసుక కప్పుకుని దాక్కుంటది. "రెండూ కనపడకుండా బతికేవే" అని కింద రాసింది.

మార్కులేయడానికి వచ్చిన పెద్దాయన నవ్వినాడు. "సముద్రం మొహం చూడనిదానివి, నీకెందుకమ్మా ఇది? మీ గొర్రెల మీద చేయకపోయావా?"

"గొర్రెల కాడ్నే నేర్చుకున్నా సార్. మా నాయన చేలో మంద పెట్టి, గొంగడి కప్పుకుని గొర్రెల మధ్యన పండుకుంటే మీక్కూడా కనపడడు. స్క్విడ్డుకు ఇసుకే గొంగడి."

"మరి పిట్టకీ దానికీ తేడా ఏంటి?"

"పిట్ట దాక్కున్నా నోరు మూసుకోదు సార్."

ఆయన మొహం మాడ్చుకుని, చార్టు తీసేయమన్నాడు. సైన్స్ టీచర్ని నేనే కాబట్టి తీయక తప్పలేదు. మీరైతే ఆ పిల్లకు ఎన్ని మార్కులేస్తారో కింద రాయండి.

ప్రదర్శన రేపు కూడా ఉంది. తీసిన చార్టును బడి గేటుకు కట్టొచ్చినాను. ఆయన జీపు ఆ గేటులోంచే రావాల.